ముసునూరు రోడ్డు బంకులో రెండు మూతలు

పాల్ రాజు కూర్చుని అన్నం తినడం ముసునూరులో ఎవరూ చూసి ఉండరు. కంచం చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వస్తాడు, వీధిలోకి ఓసారి చూస్తాడు, మళ్ళీ లోపలికి పోతాడు. గ్యాసు కట్టానా లేదా అని పొయ్యి దగ్గరికి మూడుసార్లు తిరుగుతాడు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈయన ఒక కన్ను తెరిచి బయట పెట్టిన బండి వైపు చూస్తుంటాడు.

"మీ ఆయన దేవుణ్ణి కూడా ఓ కంట కనిపెట్టే ఉంటాడమ్మా" అని పాస్టరుగారి భార్య ఓ ఆదివారం సుసన్నాతో అంది.

"ఆ కన్నేదో ఇంటి మీద పెడితే బాగుండునండీ" అంది సుసన్నా. ఆమె పాల్ రాజు భార్య. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది.

పాల్ రాజుకి యాభై మూడేళ్ళు. ముప్ఫై ఐదేళ్ళుగా చేతిలో బ్రష్షే. లారీల మీద పేర్లు, ఎరువుల కొట్ల బోర్డులు, చర్చి గోడల మీద వాక్యాలు, మామిడికాయల పెట్టెల మీద కమిషన్ వ్యాపారుల పేర్లు, ఏది రాయమంటే అది రాశాడు. నూజివీడులో ఫ్లెక్సీ మిషను పెట్టాక రెండేళ్ళలో ఆ పనులన్నీ పోయాయి. లారీ ఓనర్లు కూడా స్టిక్కర్లు అంటించుకోవడం మొదలుపెట్టారు. తోటి పెయింటర్లు కొందరు ఇళ్ళకి సున్నాలేసే పనిలో దిగారు. ఒకతను మానేసి ఆటో కొనుక్కున్నాడు.

పాల్ రాజుకి మిగిలింది పెట్రోలు బంకులు. బంకు నేలలో పాతిపెట్టిన ట్యాంకుల్లోకి ట్యాంకర్ లారీ సరుకు దించే చోట చిన్న గొయ్యి ఉంటుంది. గోతిలో గొట్టం, గొట్టం చుట్టూ ఇనప పట్టీ, గోతి మీద గుండ్రటి ఇనప మూత. మూతకీ పట్టీకీ రంగు ఉండాలి. ఏ రంగంటే, ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. ఒకరికి పెట్రోలు ఆకుపచ్చ, డీజిలు పసుపు. రోడ్డుకి అవతల ఇంకో కంపెనీకి ఇంకోటి. ఏ కంపెనీకి ఏ రంగో రాసుకున్న చీటీలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో ఉంచుకుంటాడు. ట్యాంకర్ తెచ్చే డ్రైవర్లలో తెలుగు రానివాళ్ళుంటారు, హిందీ రానివాళ్ళుంటారు, ఏమీ చదవనివాళ్ళుంటారు. రంగు అందరికీ వచ్చు. ఆ రంగు చూసే గొట్టం తగిలించి వాల్వు తిప్పుతారు.

నూజివీడు, ముసునూరు, బాపులపాడు, చింతలపూడి చుట్టుపక్కల ముప్ఫైకి పైగా బంకులు ఆయన చేతిమీద నడుస్తున్నాయి. ఏడాదికోసారి రంగు. ఎండకి పొక్కులు రావు, వానకి పెచ్చులూడవు. దానికి ఆయన పద్ధతి ఒకటుంది. ఎండలో కాలే ఇనుము మీద రంగు వెయ్యడు. మూతని పైకి తీసి బండి చక్రంలా దొర్లించుకుంటూ నీడకి తీసుకెళ్తాడు. పాత రంగంతా గీకి ఇనుము తేలాక కొత్తది వేస్తాడు. గోతి లోపలి పట్టీని మాత్రం సాయంత్రం ఎండ తగ్గాక గీకి, మర్నాడు పొద్దున్నే చల్లపూట వేస్తాడు. మధ్యలో రాత్రి ఏది పెట్రోలో ఏది డీజిలో తెలియడానికి పట్టీ మీద సుద్దతో గుర్తు పెడతాడు. పన్నెండేళ్ళుగా ఇదే వరస. ఎప్పుడూ తేడా రాలేదు.

మే నెల రెండో మంగళవారం ముసునూరు రోడ్డులో సుభాష్ గారి బంకులో పని పెట్టుకున్నాడు. సుభాష్ మామిడి రైతుల ఇంటివాడు, ముప్ఫై నాలుగేళ్ళు. బంకు నాన్న బసవపున్నారావు పెట్టింది, పోయిన ఏడాది ఆయన కాలం చేశాక ఈయన చేతికొచ్చింది. బంకు వెనకాలే వాళ్ళ తోట. బంకులో రెండే ట్యాంకులు. ఒక మూత ఆఫీసు గది వైపు, ఇంకోటి గోడ వైపు.

మధ్యాహ్నం రెండు మూతలూ తోట చివరి చెట్టు కిందకి దొర్లించాడు. ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి పసుపు వేశాడు. నాలుగున్నరకి పట్టీలు గీకి, సుద్దతో ఒకదాని మీద 'పె', ఒకదాని మీద 'డీ' అని రాశాడు. ఐదు కాకుండానే పడమట నల్లబడింది. ఈదురుగాలి లేచింది.

మామిడి తోటల ఊళ్ళలో ఆ గాలి వినబడితే చేతిలో పని చేతిలో ఉండదు. చెట్టున ఉన్న కాయ రైతుది, గాలికి రాలిన కాయ ఏరుకున్నవాడిది. సుభాష్ వాళ్ళ తాతల నాటి నుంచీ ఆ తోటలో అదే లెక్క. పంపు దగ్గర డీజిలు కొట్టే దుర్గ పరుగెత్తింది. టైర్లకి గాలి పట్టేవాడు పరుగెత్తాడు. ట్రాక్టరుకి డీజిలు కొట్టించుకోవడానికొచ్చిన రైతు కూడా ట్రాక్టరు వదిలేసి పరుగెత్తాడు. పాల్ రాజు రంగుల బకెట్టు బోర్లించి దులిపి, దాంతోనే తోటలోకి దూరాడు. కలెక్టరు రకం మామిడికాయలు టపటపా రాలుతున్నాయి. వాన పెద్ద చినుకులతో మొదలై పావుగంట కొట్టింది. బకెట్టు నిండింది. ఆవకాయకి సరిపోతాయని సుసన్నాకి ఫోను చేసి మరీ చెప్పాడు.

తిరిగొచ్చేసరికి వెలుగు తగ్గింది. రెండు గోతుల్లో కాసిని నీళ్ళు. గబగబా గుడ్డతో తోడేసి, మూతలు దొర్లించుకొచ్చి పెట్టేసి, బకెట్టు బండికి తగిలించుకుని ఇంటికెళ్ళిపోయాడు. బుధవారం పొద్దున పట్టీలకి రంగు వెయ్యాల్సింది. చింతలపూడి రసం ఫ్యాక్టరీ వాళ్ళు రేపే రావాలని పట్టుబట్టారు. పట్టీలు ఒక రోజు ఆగితే ఏమవుతుందిలే అనుకున్నాడు.

బుధవారం ఎనిమిదిన్నరకి చింతలపూడి ఫ్యాక్టరీ వెనక షెడ్డులో ఉన్నాడు. బాయిలరుకి వాడే నూనె ట్యాంకు ఒకటి, జనరేటరు డీజిలు ట్యాంకు ఒకటి. గుర్తు పెడదామని జేబులో చెయ్యి పెట్టాడు. సుద్దముక్క వేళ్ళకి పిండిలా అంటుకుంది. నిన్నటి వానకి నానిపోయింది.

చెయ్యి అలాగే ఆగింది.

జేబులో సుద్ద నానిందంటే గోతిలో సుద్ద ఏమై ఉంటుంది? నిన్న మూతలు పెట్టేటప్పుడు పట్టీల మీద 'పె' గానీ 'డీ' గానీ చూసినట్టు గుర్తు రాలేదు. గుడ్డతో నీళ్ళు తోడింది గుర్తుంది. అక్షరం చూసింది లేదు. మరి ఏది చూసి పెట్టాడు? ఆఫీసు వైపుది పెట్రోలని పెట్టాడు. చెయ్యి దానంతటదే అటు పోయింది. ఆఫీసు వైపు పెట్రోలున్నది ఏ బంకులో? బాపులపాడులో నారాయణరావు గారి బంకులో. ఆదివారమే అక్కడ పని చేసొచ్చాడు. సుభాష్ గారి బంకులో కూడా అంతేనా? పోయినేడు వేసినప్పుడు ఎటుంది? కళ్ళు మూసుకుని చూశాడు. ముప్ఫై బంకులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి.

సుభాష్‌కి ఫోను చేశాడు. నాలుగోసారికి ఎత్తాడు. వెనకాల కోత కూలీల కేకలు.

"ఏంటి మేస్త్రీ? కోతలో ఉన్నా, తొందరగా చెప్పు."

"సుభాష్ గారూ, ఇవాళ లోడు వస్తుందాండి?"

"పెట్రోలు. పదిన్నరకల్లా వస్తది. డిపోలో బయల్దేరిందంట. ఏం?"

పాల్ రాజు నోట్లో నిజం వచ్చి ఆగింది. మూతలు ఏది ఏదో నాకు తెలియదండీ అనాలి. అలా అన్న పెయింటర్ని ఎవరు పిలుస్తారు? రంగు ఎవరైనా వేస్తారు, ఈయన్ని పిలిచేది ఏది ఎక్కడో పొరబడడనే.

"ఏం లేదండి, నేను చింతలపూడిలో ఉన్నా, పెయింటు ఇంకా ఆరలేదు. మూతలు ముట్టుకోవద్దని చెబుదామని."

సుభాష్ నవ్వాడు. "పెయింటు అంటుకుంటదని పన్నెండు వేల లీటర్ల బండి ఆపమంటావా? చేతికి గుడ్డ చుట్టుకుని తీస్తార్లే." పెట్టేశాడు.

పాల్ రాజు బ్రష్షు తడిపాడు. పెట్టేశాడు. షెడ్డు చుట్టూ ఓసారి తిరిగాడు. పెట్రోలు పోయి డీజిలు ట్యాంకులో పడితే? మే నెలలో ఆ బంకులో డీజిలు కొట్టించుకునేవి మామిడి లారీలే. సాయంత్రం నాలుగు నుంచి వరస కడతాయి. నిండా కాయతో ఉత్తరాదికి పోయే బళ్ళు. ఏ అడవి దారిలోనో ఇంజను పట్టేస్తుంది. కాయ ఆగదు, మూడో రోజుకి నీరు కారుతుంది.

"టీ తాగొస్తానండీ" అన్నాడు స్టోర్సు చూసే సంతోష్ కుమార్‌తో.

"ఇప్పుడేగా వచ్చారు. ఇక్కడికే తెప్పిస్తాను, ఉండండి."

"కాదండి, బయట టీ అయితేనే..." మాట పూర్తి చెయ్యకుండానే బండి తీశాడు. రంగు డబ్బాలు మూతల్లేకుండా అక్కడే ఉండిపోయాయి.

టీవీఎస్ ఎక్సెల్ మీద చింతలపూడి నుంచి ముసునూరు గంటకి పైన పడుతుంది. బయల్దేరేసరికే తొమ్మిదింపావు అయింది. రోడ్డు నిండా కాయల ట్రాక్టర్లు. ఒకదాన్ని దాటితే ఇంకోటి. నిన్నటి గాలికి పడిన కొమ్మలు రోడ్డు పక్కన కుప్పలుగా ఉన్నాయి. దారిలో ఆగి దుర్గకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. పంపుల దగ్గర ఫోను ఉండకూడదని డ్యూటీ ఎక్కగానే అందరి ఫోన్లూ ఆఫీసు బీరువాలో పెట్టేస్తారు. ఆ సంగతి తెలిసే చేశాడు. ఈసారి నిజమే చెప్పేద్దామని సుభాష్‌కి చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. తోట లోపల సిగ్నలు అందదు. రెండు కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆగి చేశాడు. ఆగిన ప్రతిసారీ వెనకబడ్డ ట్రాక్టరు ముందుకొచ్చేసింది. ఆ తర్వాత ఫోను జేబులో పడేసి ఇక తియ్యలేదు.

బంకు మలుపు తిరిగేసరికి ట్యాంకర్ కనబడింది. ఆఫీసు వైపు గోతి దగ్గర నిలబెట్టి ఉంది. ఆకుపచ్చ మూత పక్కకి జరిపి, లావు గొట్టం తగిలించేశారు. ట్యాంకర్ ఆగాక సరుకు కుదుటపడాలని కాసేపు ఆగుతారు. ఆ ఆగిన సమయంలో డ్రైవరు నీడన నిలబడి దుర్గతో మాట్లాడుతున్నాడు. పేరు రవిచంద్ర, గట్టి మనిషి, పాతికేళ్ళ సర్వీసు.

పాల్ రాజు బండి స్టాండు కూడా వెయ్యలేదు, గోడకి ఆనించి వచ్చాడు.

"వాల్వు తిప్పారా?"

"తిప్పబోతన్నా. ఎవరు నువ్వు?"

"తిప్పొద్దండి. ఆ మూతలకి రంగేసింది నేనే."

"రంగేసినోడివి రంగు చూసుకో. నాకు చెప్పేదేంటి?"

"ఆ రంగు మీదే నాకు నమ్మకం లేదు."

రవిచంద్ర దుర్గ వైపు చూశాడు. "ఏంటమ్మా, మీ ఊళ్ళో పొద్దున్నే మొదలెడతారా?"

"ఆయన తాగడండీ" అంది దుర్గ. "బాబాయ్, ఏమైంది? సరిగ్గా చెప్పు."

చెప్పాడు. సుద్ద, వాన, బకెట్టు, కాయలు, అన్నీ. నిలబడి చెప్పలేక గోతికీ గోతికీ మధ్య నడుస్తూ చెప్పాడు. దుర్గ ఈ బంకులో చేరి మూడు నెలలు. ఏ గోతి దేనిదో ఆమెకి తెలియదు. రంగు చూడటమే అలవాటు. ట్యాంకులో ఎంత ఉందో ఆఫీసులో తెర మీద కనబడుతుంది కాబట్టి గోతిలో కడ్డీ ముంచి చూసే పని కూడా ఎవరికీ లేదిప్పుడు.

"చూడు మేస్త్రీ" అన్నాడు రవిచంద్ర. "మీ కంపెనీకి ఆకుపచ్చంటే పెట్రోలు. నా దాంట్లో పెట్రోలు. మూత ఆకుపచ్చ. ఇంకో బంకుకి కూడా పోవాలి నేను. నీ కల ఏదో వచ్చిందని బండి ఆపనా?"

ఇంతలో సుభాష్ మోటారు సైకిలు మీద వచ్చాడు. పాల్ రాజుని చూసి ఆశ్చర్యపోయాడు. "చింతలపూడిలో ఉన్నానన్నావుగా? పెయింటు ఆరలేదని ఇంత దూరం వచ్చావా?"

"పెయింటు ఆరిందండి. నేను అబద్ధం చెప్పాను."

మళ్ళీ మొత్తం చెప్పాడు. ఈసారి తక్కువ మాటల్లో. సుభాష్ రెండు గోతుల వైపూ చూశాడు. "నాన్నుంటే చెప్పేవాడు. నాకూ ఎప్పుడూ రంగు చూడటమే."

"కడ్డీ ఎక్కడుంది?" అంది దుర్గ.

ఆఫీసు వెనకాల పాత సామాన్లలో ఇత్తడి కడ్డీ దొరికింది. దుమ్ము తుడిచారు. రవిచంద్ర సణుక్కుంటూనే గొట్టం విప్పాడు. గోతిలోని గొట్టంలోంచి కడ్డీని ట్యాంకు అడుగు దాకా దించి పైకి తీశారు. దుర్గ కొసని వేలితో ముట్టుకుని ఆగిపోయింది. పెట్రోలైతే చల్లగా తగిలి ఆవిరైపోతుంది.

"జిడ్డుగా ఉంది" అంది మెల్లిగా.

"కడ్డీకి పాత జిడ్డుంటది" అన్నాడు రవిచంద్ర. "వేలు చూసి నేను ఒప్పుకోను. కాగితం తే."

ప్రతి బంకులోనూ తెల్లటి ఫిల్టర్ కాగితాలుంటాయి. కల్తీ అనుమానమున్న కస్టమరు అడిగితే ఇవ్వాలి. పెట్రోలు చుక్క వేస్తే ఆరిపోయి మరక మిగలదు. డీజిలైతే మరక నిలబడుతుంది. కడ్డీని గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండోసారి ముంచి, రెండు చుక్కలు కాగితం మీద పడేలా చేసింది దుర్గ. కాగితాన్ని ఆఫీసు మెట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా ఓ రాయి పెట్టింది.

ముగ్గురు దాని చుట్టూ నిలబడ్డారు. పాల్ రాజు నిలబడలేకపోయాడు. పంపుల దాకా వెళ్ళాడు, వచ్చాడు. తోట గోడ దాకా వెళ్ళాడు, వచ్చాడు. పంపు దగ్గర ఆటోవాడు హారను కొడుతున్నాడు. ఎవరూ పోలేదు.

"కాసేపు కాలు నిలవనీ మేస్త్రీ, నాకు కళ్ళు తిరుగుతున్నయ్" అన్నాడు సుభాష్.

రెండు నిమిషాలు. మూడు నిమిషాలు. కాగితం మీద చుక్కలు పాకి పాకి, ఆరకుండా, కాగితాన్ని గాజులా చేసి నిలబడ్డాయి. రవిచంద్ర వంగి కాగితం తీసి వెలుగుకి పట్టుకుని చూశాడు. నలిపి జేబులో పెట్టుకున్నాడు. గోడ వైపు పసుపు మూత తీయించి అక్కడ కూడా ముంచారు. ఈ చుక్క నిమిషంలో మాయమైంది.

రవిచంద్ర వెళ్ళి క్యాబిన్ మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళ సీసా ఎత్తి సగం తాగాడు. ఆ తర్వాత తిట్టాడు. ముందు పాల్ రాజుని, తర్వాత సుభాష్‌ని, ఆ తర్వాత తెర చూసి పడుకునే బంకు వాళ్ళందరినీ.

"నేను తిప్పి ఉంటే ఎవరిదయ్యేది తప్పు? డ్రైవరు గుడ్డోడా అని నన్నడిగేవాళ్ళు. మూత ఎవడైనా అటూ ఇటూ మార్చేస్తాడయ్యా. లోపలి పట్టీకి ముందెయ్యి రంగు. అది లేచి నడిచిపోదు."

పాల్ రాజు తల ఊపాడు. పన్నెండేళ్ళలో తనకి ఈ మాట ఎందుకు తట్టలేదో ఆయనకి అర్థం కాలేదు.

సుభాష్ పాల్ రాజుని పక్కకి పిలిచాడు. అరవలేదు. "ఈ సీజన్లో ఇలా మూతలు తీసి నీడకి పట్టుకెళ్ళిన బంకులెన్ని?"

"పదకొండండి. తొమ్మిది బంకుల్లో లోడ్లు దిగిపోయాయి, ఏ గొడవా రాలేదు. మీదీ, బాపులపాడుదీ మిగిలాయి. బాపులపాడులో వాన పడలేదు, పట్టీలకి కూడా మర్నాడు పొద్దున్నే రంగేసేశాను."

"నీకు ఖాయమా?"

పాల్ రాజు జేబులో చెయ్యి పెట్టాడు. ఫోను తీసి అక్కడే నిలబడి నారాయణరావు గారికి చేశాడు. ఈసారి మొదటి మాటే తప్పు గురించి. "నారాయణరావు గారూ, ముసునూరులో నిన్న మూతలు మార్చి పెట్టానండి. ట్యాంకర్ రాకముందే మీ దగ్గర కడ్డీ ముంచి చూసుకోండి. నేనూ వస్తున్నాను." అవతల నుంచి చాలాసేపు మాటలొచ్చాయి. అవి సుభాష్‌కి వినబడలేదు. పాల్ రాజు "అలాగేనండి, అలాగేనండి" అన్నాడు.

"ఏమన్నారు?"

"రావద్దన్నారు. వాళ్ళే చూసుకుంటారంట. వచ్చే ఏడాది నుంచి స్టిక్కర్లు పెట్టిస్తారంట."

సాయంత్రానికి బాపులపాడులో అంతా సరిగ్గానే ఉందని కబురొచ్చింది. అయినా ఆ బంకు చేతిలోంచి పోయింది. నారాయణరావు మాట మీద ఇంకో రెండు పోయాయి. చింతలపూడి ఫ్యాక్టరీలో మూతల్లేని డబ్బాల్లో రంగు మీగడ కట్టి ఉంది. సంతోష్ కుమార్ డబ్బా పక్కన చేతిలో ఉన్న టీ గ్లాసు పెట్టి, "టీ బాగుందా మేస్త్రీ?" అని అడిగాడు. జరిగింది విన్నాక పని మాత్రం ఇచ్చాడు.

సుభాష్ పని తీసెయ్యలేదు. ఒక షరతు పెట్టాడు. మూతలు మార్చి పెట్టి, ట్యాంకర్ సరుకు దించి వెళ్ళాక, మిట్టమధ్యాహ్నం ఎండలోనే పట్టీలకి రంగు వేయించాడు. పొక్కులొస్తాయండీ అని పాల్ రాజు అంటే, రానీ అన్నాడు. వచ్చాయి కూడా.

"ఇంకోటి" అన్నాడు. "నువ్వు రంగేసిన ప్రతిచోటా మొదటి లోడు దిగేటప్పుడు నువ్వుండాలి. కడ్డీ ముంచి కాగితం చూపించాకే వాల్వు తిప్పాలి. ఉంటావా?"

"ఎప్పుడొస్తుందో తెలియదు కదండీ లోడు. పొద్దున రావొచ్చు, సాయంత్రం రావొచ్చు."

"అందుకే అడుగుతున్నా."

ఉంటానన్నాడు. సుభాష్ ఒక్కడికే కాదు, మిగిలిన డీలర్లందరికీ తనే వెళ్ళి జరిగింది చెప్పి, అదే మాట ఇచ్చాడు. ముప్ఫైకి పైగా ఉన్న బంకులు ఇప్పుడు ఇరవై ఎనిమిది. రంగు వేసే పని ఒక పూట, ట్యాంకర్ కోసం కాచుకునే పని ఒక్కోసారి రెండు రోజులు. ముందు లోపలి పట్టీ, తర్వాతే మూత. మూతని గోతి పక్కనే ఉంచి, గొడుగు పాతి, ఆ కాస్త నీడలో వేస్తాడు. అందం తగ్గింది. అంచుల్లో రంగు చెదురుతోంది. ఆ సంగతి ఎవరికంటే ముందు ఆయనకే కనబడుతుంది.

ఈ మధ్య నూజివీడు వైపు ఏ బంకులోనైనా ట్యాంకర్ రాకముందే వచ్చి, రోడ్డు మీదికి పోయి చూసి, మళ్ళీ గోతి దగ్గరికి వచ్చి, చేతిలో ఇత్తడి కడ్డీతో తిరిగే మనిషి కనబడితే అది పాల్ రాజే. పంపు దగ్గర అమ్మాయిలు కుర్చీ వేస్తారు. ఇంతవరకూ దాంట్లో కూర్చోలేదు.